కంప్యూటరు కరణీకము

(హిందూపురమున జరిగిన సంఘ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



ఈ మహాసభయందు నాలుగు మాటలు చెప్పవలెనని కార్యనిర్వాహకవర్గమువారు నన్ను కోరినపుడు, నేనేదేని పురాణవిషయమునో వ్యాకరణవిషయమునో యెన్నుకొందునని వారు తలచియుందురు. ముప్పదియేండ్లకు మించి పాఠశాలలో శబ్దములను, సమాసములను, అమరమును చెప్పిన వాడను గనుక వారట్లు తలచుట సహజమే. కాని యీ సంవత్సరము మన సంఘము రెండు తీర్మానములు చేయబోవుచున్నది. హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములయందలి మన సభ్యుల పట్టికను, విద్యార్థి వేతనముల లెక్కలను, వసతిగృహపు దస్తావేజులను కంప్యూటరునకెక్కించుట మొదటిది. ఆ పనిని నిర్వహించుటకు మన పిల్లలలో కొందఱికి శిక్షణ నిప్పించుట రెండవది.

ఈ రెండిటికిని వెనుక నొక విద్య కలదు. సర్వరులను, నెట్‌వర్కును, డైరెక్టరీని నిర్వహించు విద్య యది. మన బిడ్డలు పలువురు బెంగుళూరు రైలెక్కి పోయి జీవనము చేయుచున్నది యీ విద్యతోడనే. మీ కుమారుడేమి చేయుచున్నాడని యడిగినచో తల్లిదండ్రులు “సిస్టమ్ అడ్మినిస్ట్రేటరు” అని సగర్వముగా చెప్పుదురు గాని, ఆ మాటకర్థమేమని మఱల నడిగినచో నవ్వి యూరకుందురు. ఆ యర్థమును నా శక్తికొలది విప్పి చెప్పుటయు, తీర్మానములకు ముందు మనము తీసికొనవలసిన జాగ్రత్తలను మనవి చేయుటయు నా యుద్దేశము.

సర్వరు - నెట్‌వర్కు

సర్వరనగా సేవకుడని యర్థము. అడిగినవారికి అడిగినదానిని తెచ్చి యిచ్చు యంత్రమది. అడుగు యంత్రమునకు క్లయింటని పేరు. రైల్వేస్టేషనులో టిక్కెట్ల గుమాస్తా యెదుటనున్న యంత్రము స్వయముగా నేమియు నెఱుగదు. ఫలానా బండిలో ఫలానా దినమున చోటున్నదా యని యెక్కడనో యున్న సర్వరు నడిగి, వచ్చిన బదులును మనకు చూపును. సేవకుడు నిద్రించినచో గుమాస్తాలందఱును చేతులు ముడుచుకొని కూర్చుండవలసినదే. కావున సర్వరును రాత్రింబవళ్లు మేలుకొలిపి యుంచుట నిర్వాహకుని మొదటి ధర్మము.

ఈ యంత్రములను కలుపు దారులే నెట్‌వర్కు. దీనికి ధర్మవరము జంక్షనుకంటె మంచి యుపమానము నాకు దొరకలేదు. అచ్చటినుండి గుంతకల్లు వైపొక దారి, హిందూపురము మీదుగా బెంగుళూరు వైపొక దారి, కదిరి మీదుగా పాకాల వైపొక దారి పోవును. వచ్చిన బండిని ఏ దారిని మళ్లింపవలెనో జంక్షను నిర్ణయించును. నెట్‌వర్కులో నా పని చేయునది రౌటరు. పంపదలచిన సమాచారమును చిన్న చిన్న పొట్లములుగా కట్టి, ఒక్కొక్క పొట్లముమీద పోవలసిన చిరునామా వ్రాసి విడుచుదురు. నడుమనున్న రౌటర్లు పొట్లము లోపల నేమున్నదని విచారింపక, చిరునామా చూచి ముందునకు త్రోయుచుండును.

ఆ చిరునామా అంకెలతో నుండును. అంకెలు యంత్రములకు హితము, పేళ్లు మనుష్యులకు హితము. రెండిటికిని పొత్తు కుదుర్చుటకు పూర్వము అమెరికాలో అర్పానెట్టను నెట్‌వర్కు నడచిన కాలమున ఒకే పట్టిక యుండెడిది. దానిని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థయందు ఎలిజబెత్ ఫైన్లర్ అను విదుషీమణియు నామె సహచరులును కాపాడుచుండెడివారు. యంత్రములు వృద్ధియైన కొలది, ఒక్కచోట నొక్క పట్టికను దిద్దుట యసాధ్యమయ్యెను. అందుపై 1983లో పాల్ మొకపెట్రిస్ అను నాయన డి.ఎన్.ఎస్. అను నూతన పద్ధతిని కల్పించెను. దాని రహస్యము ఒక్కటే. పైవాడు తన క్రిందివానికి కొంత భాగమును పూర్తిగా అప్పగించును. క్రిందివాడు తన భాగమునకు తానే పూచీ వహించును. 2011లో మన తెలుగు లిపితో “.భారత్” అను పేరుకూడ ఈ పద్ధతియందు మూలపట్టికలో చోటు సంపాదించుకొన్నది. తెలుగు అక్షరములతోనే యొక చిరునామా పెట్టుకొనవచ్చునని మనవారిలో పెక్కుమందికి నేటికిని తెలియదు.

డైరెక్టరీ యననేమి?

ఇక ముఖ్యవిషయమునకు వచ్చెదను. ఒక కార్యాలయములో నూఱు యంత్రములు, నూఱుమంది యుద్యోగులు ఉన్నారనుకొందము. ప్రతి యంత్రములోను ప్రతి యుద్యోగి పేరును, రహస్యపదమును వేఱువేఱుగా వ్రాసి పెట్టినచో పదివేల వ్రాతలగును. ఒక యుద్యోగి మానివేసినచో నూఱు చోట్ల కొట్టివేయవలెను. అందులో నొక్కటి మఱచినను ఆ యొక్క తలుపు తెఱచియే యుండును. ఈ యవస్థను తప్పించుటకై అందఱి పేళ్లను, అన్ని యంత్రముల పేళ్లను, ఎవరికే యధికారము గలదో ఆ వివరమును ఒకచో క్రమముగా కూర్చి, యంత్రములన్నియు ఆ పట్టికనే యడుగునట్లు చేసిరి. దానికే డైరెక్టరీ యని పేరు.

ఇట్టి కూర్పు మనకు క్రొత్త గాదు. అమరసింహుడు తన కోశమునకు నామలింగానుశాసనమని పేరిడెను. అందు మూడు కాండములు, కాండములలో వర్గములు, వర్గములలో నామములు, నామముతోపాటు దాని లింగము. పురవర్గములోని శబ్దమును వనౌషధివర్గములో వెదకువాడు లేడు. డైరెక్టరీయును సరిగా నిట్టిదే. మొదట మూలము, దానినుండి శాఖలు, శాఖలలో నుపశాఖలు, చివరకు వ్యక్తి. వ్యక్తి పేరునకు ఎంట్రీ యని, దానికి చేర్చిన వివరములకు అట్రిబ్యూటులని పేరు. ఉద్యోగము, దూరవాణి సంఖ్య, ఉత్తరముల చిరునామా మొదలగునవి యట్టి లక్షణములు. ఒక వ్యక్తిని నిస్సందేహముగా గుర్తించుటకు వాని పేరునుండి మూలమువఱకు దారినంతయు వ్రాయుదురు. మనము జాబుమీద పేరు, వీధి, ఊరు, జిల్లా యని క్రిందినుండి పైకి వ్రాయుట లేదా? అట్లే. ధర్మవరము శాఖలో నొక రామయ్యయు, పెనుకొండ శాఖలో నొక రామయ్యయు నున్నను, దారులు వేఱగుటచే చిక్కు లేదు.

ఈ విద్యకు 1988లో ఎక్స్.500 అను పేర అంతర్జాతీయ నిబంధనము లేర్పడినవి. అవి మిక్కిలి బరువైనవి. సామాన్య యంత్రములు మోయలేకపోయినవి. 1993లో మిషిగన్ విశ్వవిద్యాలయమున టిమ్ హౌస్ మొదలగువారు దానిని తేలికపఱచి ఎల్‌డాప్ అను సంభాషణాక్రమమును ప్రకటించిరి. పిదప మైక్రోసాఫ్టు కంపెనీవారు 2000 సంవత్సరము ఫిబ్రవరిలో విండోస్ 2000తో యాక్టివ్ డైరెక్టరీ యనుదానిని వెలువరించిరి. ప్రపంచమునందలి పెక్కు కార్యాలయములలో ఉదయమున నుద్యోగి తన పేరును రహస్యపదమును కొట్టగానే బదులు చెప్పునది యీ డైరెక్టరీయే. 2014 మొదలుకొని ఆ కంపెనీకి పెద్దయైన సత్య నాదెళ్ల గారి తండ్రిగారు, కీర్తిశేషులు బి. ఎన్. యుగంధర్ గారు, అనంతపురము జిల్లా బుక్కాపురము గ్రామమువారని చెప్పుకొనుటకు మనకు ముచ్చట గదా!

నీవెవరవు? నీకేమి యధికారము?

డైరెక్టరీ యడుగు ప్రశ్నలు రెండు. నీవెవరవు? నీవీ పనికి అర్హుడవా? మొదటిది గుర్తింపు, రెండవది అధికారము. వీనిని కలిపివేయుటయే లోకములోని యనేకానర్థములకు మూలము. మన యింటికి వచ్చినవాడు పాలవాడే యని నిశ్చయముగా గుర్తించినంత మాత్రమున వానికి బీరువా తాళము నియ్యము గదా!

గుర్తింపునకు కెర్బరాస్ అను పద్ధతి ప్రసిద్ధము. అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఎథీనా యను ప్రణాళికలో నిది పుట్టినది. యవనుల పురాణములో పాతాళద్వారమును కాచు మూడుతలల కుక్క పేరది. మన వేదమునందును యముని దారిని కాచు కుక్కలున్నవని మీరెఱుగుదురు. ఈ పద్ధతిలో నుద్యోగి తన రహస్యపదమును ప్రతి సర్వరునకును చెప్పడు. ఉదయమున నొక్కసారి తన్ను రుజువు చేసికొని టిక్కెట్టు పుచ్చుకొనును. ఆ టిక్కెట్టును చూపి తక్కిన సేవలకు చిన్న టిక్కెట్లు పొందును. యాక్టివ్ డైరెక్టరీలో సామాన్యముగా టిక్కెట్టు పది గంటలు చెల్లును. యంత్రముల గడియారములలో నైదు నిమిషములకు మించి తేడా యున్నచో టిక్కెట్టు చెల్లదు. రహస్యపదము సరిగానే యున్నది, యంత్రము లోనికి రానియ్యలేదని విలపించు క్రొత్త నిర్వాహకులు మొదట గడియారము చూడవలెను. ముహూర్తము తప్పినచో కార్యము చెడునని మన పెద్దలు చెప్పుట యిచ్చట నక్షరాల సత్యము.

అధికారము మాటకు మన గ్రామకరణీకముకంటె దగ్గఱి యుదాహరణము లేదు. 1800 మొదలు 1807 వఱకు దత్తమండలముల ప్రధాన కలెక్టరుగా నున్న థామస్ మన్రో పొలము పొలమును కొలిపించి లెక్కలు వ్రాయించెను. ఆ లెక్కలను గ్రామములో నిలుపుకొన్నవాడు కరణము. ఏ పొలమెవనిదో చెప్పువాడు, మార్పు వ్రాయువాడు, పుస్తకమును దాచువాడు ఆయనయే. కరణము ధర్మాత్ముడైనచో గ్రామము సుఖపడెను. కానిచో రైతు మొఱపెట్టుకొనుటకు చోటు లేకపోయెను. పదవి వంశపారంపర్యమగుటచే పదవికిని మనిషికిని భేదము నశించెను. 1984లో, పిమ్మట హిందూపురమునుండియే శాసనసభకెన్నికయైన నందమూరి తారక రామారావు గారి ప్రభుత్వము ఈ పదవులను రద్దు చేసినది. అది మంచిదో చెడ్డదో యను వాదము నా విషయము గాదు. మనము గ్రహింపవలసినది యిది. అధికారము మనిషికి గాక పదవికి చెందవలెను. పుస్తకము మనిషి యింటిలో గాక సంస్థ పెట్టెలో నుండవలెను. చూచువాడు, వ్రాయువాడు, తనిఖీ చేయువాడు వేఱువేఱుగా నుండవలెను.

డైరెక్టరీలో నిందుకై గ్రూపులను చేయుదురు. కోశాధికారి యను గ్రూపునకు లెక్కల నధికార మిత్తురు. ఎవడు కోశాధికారియైన వానిని గ్రూపులో చేర్తురు. పదవి ముగిసిన నాడు తీసివేయుదురు. అధికారముల పట్టికను తాకవలసిన పనియే లేదు. ఒకనికి వాని పనికి చాలినంత యధికారమే యిచ్చి, అంతకు మించి యియ్యకుండుట యీ శాస్త్రమున ప్రథమసూత్రము.

నియమముల మాటకు వచ్చినచో పాణినీయము చదివినవారికిది కరతలామలకము. వ్యాకరణములో నధికారసూత్ర మొకటి చేసిన పిదప, తరువాతి సూత్రములన్నిటికిని అది యనువర్తించును. ఉత్సర్గము సామాన్యము, అపవాదము విశేషము. విశేషము సామాన్యమును బాధించును. సమబలము గల రెండు విధులు ఢీకొన్నచో పరమైనది నిలుచును. యాక్టివ్ డైరెక్టరీలోని గ్రూపు పాలసీలును ఇట్లే నడచును. మొదట యంత్రము స్వంత నియమము, పిదప స్థలనియమము, పిదప డొమైన్ నియమము, కడపట శాఖానియమము వర్తించును. వెనుక వచ్చినది ముందుదానిని త్రోసిపుచ్చును. అనువృత్తిని ఆపుటకును, ఆపరాదని శాసించుటకును మార్గములు కలవు. వ్యాకరణము చదివిన పిల్లవానికి కంప్యూటరు విద్య రాదను మాటను నేనెన్నడును నమ్మలేదు.

ఒక్క ప్రతి మిగిలిన కథ

ఈ పట్టిక యెంత విలువైనదో 2017లో లోకమునకు తెలిసినది. డెన్మార్కు దేశపు మెర్స్క్ కంపెనీ సముద్రముపై సరకుల రవాణాలో ప్రపంచమున మొదటివరుసలోనిది. ఆ సంవత్సరము జూన్ 27వ తేదీన నాట్‌పెట్యా యను దుష్టకార్యక్రమము వారి నెట్‌వర్కులో ప్రవేశించి, గంటలలో యంత్రములను నాశనము చేసెను. డైరెక్టరీని మోయు సర్వరులకు డొమైన్ కంట్రోలర్లని పేరు. లోకమంతటను గల వారి డొమైన్ కంట్రోలర్లు నూటయేబది వఱకుండెను. ఒకదాని ప్రతి మఱియొకదానిలో నుండుటచే తమకు భయము లేదని వారు నిశ్చింతగా నుండిరి. అన్నియు నొక్కసారిగా తుడిచిపెట్టుకొని పోయినవి. మిగిలినది ఒక్కటి, ఆఫ్రికాలోని ఘానా దేశమున. ఏల మిగిలినదందురా? ఆ సమయమున నచ్చట కరెంటు పోయి, యంత్రము నెట్‌వర్కునుండి తెగిపోయి యుండెను! కరెంటు కోతను తిట్టుటయే గాని మెచ్చుకొనుట యెఱుగని మనకు ఇది వింతయే. ఆ యొక్క ప్రతిని చేతులమీదుగా ఇంగ్లండునకు చేర్చి, దాని యాధారమున పదిదినములలో 4,000 సర్వరులను, 45,000 కంప్యూటర్లను మరల నిలువబెట్టిరి.

ఇందలి నీతి యేమి? నకళ్లు నూటయేబది యున్నను, అవి యన్నియు నొకదానితో నొకటి కలిసియున్నచో భద్రము లేదు. ఒకచో తప్పుగా చెఱిపివేసినచో ఆ చెఱుపు తక్కిన చోట్లకును క్షణములో ప్రాకును. ప్రతిబింబము వేఱు, భద్రపఱచిన ప్రతి వేఱు. మఱియు మెర్స్క్ కంపెనీని కాపాడినది యదృష్టము గాని యేర్పాటు గాదు. మన దేశమునను 2022 నవంబరు 23న ఢిల్లీ ఏయిమ్స్ వైద్యశాలలో నైదు సర్వరులు పట్టుబడి, 1.3 టెరాబైట్ల సమాచారము తాళము వేయబడినట్లయ్యెను. నెట్‌వర్కును సరియైన గదులుగా విభజింపకపోవుట దానికి కారణమని ప్రభుత్వము పార్లమెంటునకు తెలిపినది. కొన్ని దినములు రోగుల పేళ్లు చేతివ్రాతతో నమోదు చేయవలసి వచ్చెను.

మన పెనుకొండ యీ పాఠమును మున్నే చెప్పినది. 1565లో తళ్ళికోట యుద్ధానంతరము విజయనగరము పాడుపడినపుడు, తిరుమలరాయలు ధనమును, రాజును తీసికొని పెనుకొండ చేరెను. అచ్చట ముందే కోట యుండుటచే రాజ్యము పూర్తిగా నశింపక యింకను కొంతకాలము నిలిచెను. రెండవ చోటు ఆపద వచ్చిన నాడు కట్టునది గాదు. ఆపదకు ముందే కట్టి, అప్పుడప్పుడు పోయి తలుపులు తెఱచి చూచుకొనవలసినది.

మన పిల్లలు - ఈ విద్య

పెనుకొండ మండలము ఎఱ్ఱమంచియొద్ద కియా కంపెనీవారి కార్ల కర్మాగారము 2019 నుండి నడచుచున్నది. ఏటికి మూడులక్షల కార్లు చేయగల శక్తితో దానిని నిర్మించిరి. పాలసముద్రమున సుంకములు, పరోక్షపన్నుల యధికారులకు శిక్షణ నిచ్చు జాతీయ సంస్థ యొక్క ప్రాంగణము 2024 జనవరిలో ప్రారంభమైనది. ఇట్టి పెద్ద సంస్థ లెచ్చట నున్నను, ద్వారము తెఱచు కార్డునకును జీతపు లెక్కకును వెనుక నొక డైరెక్టరీయు, దానిని కాచు నిర్వాహకుడును ఉండక తప్పదు.

ధర్మవరము నేతగాండ్ర బిడ్డలు ఈ విద్యకు జంకవలసిన పని లేదు. మగ్గముమీది జకార్డు అట్టలలో చిల్లున్నచో నొక పోగు లేచును, లేనిచో లేవదు. ఉన్నది, లేదు అను నీ రెండు మాటలతోడనే కంప్యూటరు సమస్తమును నడుపును. జకార్డు అట్టలను చూచియే బాబేజి తన గణనయంత్రమునకు అట్టలు పెట్టదలచెను. చీర యంచులో నొక పోగు తప్పినచో మూరల దూరమునుండి పసిగట్టు కన్నే నిర్వాహకునకును కావలసినది.

నేర్చుటకు వేలకు వేలు పోయవలసిన పని లేదు. లినక్సు, ఓపెన్ ఎల్‌డాప్, సాంబా అనునవి యుచితముగా దొరకును. 2012 డిసెంబరులో వెలువడిన సాంబా నాలుగవ కూర్పు తానే యాక్టివ్ డైరెక్టరీ డొమైన్ కంట్రోలరుగా పనిచేయగలదు. వసతిగృహములో పాత కంప్యూటర్లు రెండు మూడున్నను చాలును. పిల్లలు వానితో చిన్న డైరెక్టరీని కట్టి, చెడగొట్టి, మరల ప్రతినుండి నిలువబెట్టవలెను. చెడగొట్టి బాగుచేయని వానికి ఈ విద్య పట్టుపడదు.

మన సంఘమునకు మనవి

తుదకు మన తీర్మానముల మాట. నేనెఱిగిన యొక సంస్థలో లెక్కలన్నియు నొక్క గుమాస్తా రహస్యపదముతోనే తెఱచుచుండెడివి. ఆయన సత్పురుషుడు. అకస్మాత్తుగా మరణించెను. ఆయనతోడనే రహస్యపదమును పోయెను. ఆ సంవత్సరము బీదవిద్యార్థులకు సహాయము సకాలమున నందలేదు. ఒక పిల్ల పరీక్ష రుసుము కట్టలేక యేడాది పోగొట్టుకొన్నది. దొంగతనము లేదు, ద్రోహము లేదు. ఏర్పాటు లేకపోవుట యొక్కటే దోషము. మనకట్టిది రాకుండుటకు ఈ క్రింది నియమములను తీర్మానముతో చేర్చవలెనని ప్రార్థించుచున్నాను.

ఒకటి: ప్రతి కార్యకర్తకును వాని పేరుననే ప్రవేశముండవలెను. నలుగురికి నొక్క రహస్యపదము పనికిరాదు. రహస్యపదముతోపాటు రెండవ రుజువుకూడ నుండవలెను.

రెండు: అధికారము పదవికే. నూతనవర్గము ప్రమాణము చేసిన దినముననే పాతవారి ప్రవేశము ముగియవలెను. ఇందులో నవమానమేమియు లేదు.

మూడు: సర్వాధికారపు తాళము ఇద్దఱికి తెలిసియుండవలెను, దాని వ్రాత ముద్రవేసిన కవరులో బ్యాంకి లాకరున నుండవలెను. నిర్వాహకుడు తన నిత్యపు పనులకు ఆ తాళమును వాడరాదు.

నాలుగు: మూడు ప్రతులు, రెండు విధముల సాధనములపై, అందొకటి వేఱొక యూరిలో, నెట్‌వర్కునకు తగులకుండ. మూడునెలల కొకసారి ఆ ప్రతినుండి లెక్కలను తెఱచి చూడవలెను. తెఱచి చూడని ప్రతి ప్రతి గాదు.

ఐదు: ఎవడెప్పుడేమి మార్చెనో యంత్రమే వ్రాసియుంచు చిట్టాను, నిర్వాహకుడు గాని వేఱొకరు నెలకొకసారి చదువవలెను.

ఆఱు: సహాయము పొందువారి పేళ్లు, ఆదాయము, కుటుంబ వివరములు సహాయవర్గమునకు తప్ప నన్యులకు కనబడరాదు.

ఈ యాఱవదానిపై మొన్న నొక పెద్దమనిషి, “మనవారిలో మనకు రహస్యమేమి మాస్టరుగారూ?” అని యడిగినారు. అయ్యా! రహస్యము మనవారిలోనే యెక్కువ కావలెను. పరాయివానికి మన యింటి పేదఱికముతో పనియేమి? ఒక పిల్ల సంఘమువారి సొమ్ముతో చదివినదని పెండ్లిచూపులలో వినబడినచో, ఆ సొమ్ము దానమగునా, దండనమగునా? కుడిచేతితో నిచ్చినది యెడమచేతికి తెలియరాదని పెద్దలందురు. తెలియకుండునట్లు చేయు సాధనము మన చేతికి వచ్చినది. మఱియు 2023లో పార్లమెంటు వ్యక్తుల సమాచారమును రక్షించుటకు చట్టముకూడ చేసినది. ఎన్నికలకో వ్యాపారమునకో మన సభ్యుల పట్టికను అడుగువారు రాకపోరు. అడిగినంతనే యిచ్చు పట్టిక పట్టిక గాదు, సంతలో పఱచిన సరకు.

మఱికొందఱు, “ఇన్ని నియమములు పెట్టుట నిర్వాహకుని నమ్మకపోవుట గాదా?” యందురు. కాదు. ఏదేని లోపము వచ్చిన నాడు, చిట్టా లేనిచోట మొదట మాటపడువాడు నిర్వాహకుడే. చిట్టా యున్నచో తాను నిర్దోషినని చూపగలడు. నియమము దుష్టునికి సంకెల, సజ్జనునికి కవచము.

సోదరులారా! కరణముగారి పుస్తకము గ్రామమును నడిపినట్లు, ఈ పట్టిక రేపు మన సంఘమును నడుపబోవుచున్నది. పుస్తకము తాటాకుదైనను యంత్రమైనను, దానిలో పేరున్న ప్రతి పేదవానికిని మనము పూచీదారులము. పోషకులు ధనమిత్తురు, పిల్లలు శ్రమింతురు. కాపాడు ధర్మము మాత్రము మన యందఱిది. 

స్వస్తి.